సెకండ్ హ్యాండ్ ఫోకస్, క్రూజ్, డార్ట్ కొనేముందు ఏమేం చూడాలి

అమెరికాలో మొదటి కారు అనగానే అందరూ చెప్పే మాట ఒకటే, కరోలా కొను లేకపోతే సివిక్ కొను అని. మంచి సలహానే, కానీ వాటి రేట్లు చూసి కళ్ళు తిరిగి, అవే మైళ్ళు తిరిగిన ఫోర్డ్ ఫోకస్ గానీ షెవర్లే క్రూజ్ గానీ బాగా తక్కువకి కనపడేసరికి మనసు అటు లాగేస్తుంది. లాగనివ్వండి, అందులో తప్పేం లేదు. నాకోసం కొన్ని, ఫ్రెండ్స్ కోసం కొన్ని, కొత్తగా మాస్టర్స్‌కి వచ్చిన పిల్లల కోసం ఇంకొన్ని ఇలాంటి కార్లు చాలానే చూశాను, అందుకే చెప్తున్నా, ఈ కార్ల దగ్గర బ్రాండ్ మంచిదా కాదా అని అడిగితే ఉపయోగం లేదు, ఏ సంవత్సరం, ఏ ఇంజన్, ఏ గేర్‌బాక్స్ అని అడగాలి. పక్కపక్కనే నిలబెట్టిన రెండు ఫోకస్‌లలో ఒకటి ఏళ్ళ తరబడి మీ మాట వింటుంది, ఇంకోటి కొన్న నెలకే మెకానిక్ చుట్టూ తిప్పుతుంది, బయటికి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి.

ముందు ఇది గుర్తు పెట్టుకోండి, ఈ కార్లు ఇప్పుడు అమెరికాలో ఎవరూ కొత్తగా అమ్మట్లేదు. డాడ్జ్ డార్ట్ 2016లో ఆగిపోయింది, అమెరికాలో ఫోకస్ 2018తో అయిపోయింది, ఒహాయోలో లార్డ్స్‌టౌన్ ప్లాంట్‌లో తయారైన క్రూజ్ 2019 మార్చిలో ఆగింది. అంటే మీకు దొరికే వాటిలో బాగా కొత్తది కూడా ఇప్పటికే కొన్నేళ్ళు వాడినదే. పార్ట్స్ గురించి మాత్రం భయం అక్కర్లేదు, లక్షల్లో అమ్ముడుపోయిన కార్లు కాబట్టి ఏ ఆటో పార్ట్స్ షాపులో అయినా దొరుకుతాయి.

ఫోకస్ సంగతి కొంచెం వివరంగా చెప్తా, ఎందుకంటే జనం ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. 2012 నుంచి వచ్చిన ఫోకస్‌లలో ఎక్కువ వాటిలో ఆటోమేటిక్ అని రాసి ఉన్నది మామూలు ఆటోమేటిక్ కాదు, పవర్‌షిఫ్ట్ అనే డ్యుయల్ క్లచ్ గేర్‌బాక్స్, మెకానిక్‌లు డీపీఎస్6 అంటారు. లోపల రెండు క్లచ్‌లుంటాయి, అవి ఆయిల్‌లో మునిగి ఉండవు, పొడి క్లచ్‌లు, మాన్యువల్ కారులో ఉన్నట్టే, కాకపోతే వాటిని నొక్కేది మీ కాలు కాదు కంప్యూటర్. హైవే మీద హాయిగానే ఉంటుంది. ట్రాఫిక్‌లో మెల్లగా పాకుతూ వెళ్ళేటప్పుడు క్లచ్ పూర్తిగా పట్టకుండా పూర్తిగా వదలకుండా జారుతూ ఉంటుంది కదా, అప్పుడు వేడెక్కుతుంది, దానికి తోడు సీల్ లీకై ఆయిల్ క్లచ్ మీద పడిందంటే కారు గడగడా వణుకుతుంది. అది కాక ఆ గేర్‌బాక్స్‌ని నడిపే కంట్రోల్ మాడ్యూల్ పాడైతే కారు అసలు స్టార్ట్ కాకపోవచ్చు, రోడ్డు మీద ఉన్నట్టుండి పవర్ పోవచ్చు. దీని మీద కోర్టు కేసులు నడిచి సెటిల్‌మెంట్ కూడా అయింది, ఫోర్డ్ క్లచ్‌కి 7 ఏళ్ళు లేదా లక్ష మైళ్ళు, మాడ్యూల్‌కి 10 ఏళ్ళు లేదా లక్షా యాభై వేల మైళ్ళు అని వారంటీ పెంచింది కానీ ఇప్పుడు మీ ముందుకొచ్చే కార్లలో చాలా వాటికి ఆ గడువు దాటిపోయింది. కాబట్టి ఎవరైనా "వారంటీలో చేయించుకోవచ్చు బ్రో" అంటే ఆ మాట మీద కొనకండి, విన్ నంబర్ (ప్రతి కారుకీ ఉండే గుర్తింపు నంబర్) పట్టుకుని ఫోర్డ్ డీలర్ సర్వీస్ వాళ్ళకి ఫోన్ చేసి కనుక్కోండి.

పరీక్ష ఎలా చేయాలంటే, టెస్ట్ డ్రైవ్‌కి వెళ్ళగానే హైవే ఎక్కేయొద్దు. ముందు ఒక పెద్ద పార్కింగ్ లాట్‌కి పోండి, రేడియో ఆపేయండి, ఏసీ కూడా ఆపేయండి, బ్రేక్ మీద కాలు తీసి గ్యాస్ (యాక్సిలరేటర్) తొక్కకుండా కారుని దానంతటదే కదలనివ్వండి, తర్వాత చాలా మెల్లగా గ్యాస్ ఇస్తూ 5 నుంచి 20 మైళ్ళ స్పీడ్ దాకా తీసుకెళ్ళి మళ్ళీ ఆపండి. ఇలా ఓ పదిసార్లు చేయండి, అమ్మేవాళ్ళు విసుక్కున్నా సరే. ఒకటి నుంచి రెండుకి, రెండు నుంచి మూడుకి మారేటప్పుడు సీటు కింద గరుకు రోడ్డు మీద వెళ్తున్నట్టు వణుకు వచ్చిందంటే క్లచ్‌కి పని ఉంది. ఈ పని ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, అరగంట తిరిగాక ఇంకోసారి చేయాలి, ఎందుకంటే కొన్ని కార్లు వేడెక్కాకే అసలు రంగు బయటపెడతాయి. క్లచ్ పెడల్ ఉన్న మాన్యువల్ ఫోకస్‌కి ఈ గొడవ ఏమీ లేదు, మీకు మాన్యువల్ నడపడం వస్తే అది మంచి కారు, నేనైతే కళ్ళు మూసుకుని అటే మొగ్గుతా. చిన్న 1.0 లీటర్ ఈకోబూస్ట్ ఇంజన్ ఉన్నదైతే 2016 నుంచి 2018 మోడళ్ళకి ఆయిల్ పంప్ బెల్ట్ టెన్షనర్ రీకాల్ ఉంది, అంటే లోపాన్ని ఉచితంగా బాగు చేస్తామని కంపెనీయే కార్లని వెనక్కి పిలిచింది, ఆ పని అయిందో లేదో కాగితం అడగండి.

ఇక క్రూజ్. మొదటి తరం 2011 నుంచి 2015 దాకా, 2016లో లిమిటెడ్ అనే పేరుతో కూడా అదే పాత బాడీ అమ్మారు. ఎక్కువ కార్లలో ఉండేది 1.4 టర్బో. గేర్‌బాక్స్ మామూలు ఆటోమేటిక్, అక్కడ ఫోకస్ లాంటి తలనొప్పి లేదు, దీని జబ్బులు రెండు, ఒకటి కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం), ఇంకోటి పీసీవీ. కూలెంట్ విషయం ముక్కుతో పట్టేయొచ్చు. హీటర్ ఆన్ చేసినప్పుడు లోపల తియ్యటి వాసన వస్తోందా చూడండి. హుడ్ ఎత్తి టార్చ్ లైట్ వేసి వాటర్ పంప్ చుట్టూ చూడండి, నారింజ రంగు గానీ గులాబీ రంగు గానీ ఎండిపోయిన పొక్కు లాంటి మరక ఉంటే అది కారి ఆరిన కూలెంటే. వాటర్ పంప్‌లు ఎంతగా కారాయంటే షెవర్లే కంపెనీ జీఎం (జనరల్ మోటార్స్) వాటికి కూడా 10 ఏళ్ళు, లక్షా యాభై వేల మైళ్ళ కవరేజ్ ఇచ్చింది. ట్యాంక్‌లో లెవెల్ గీత కింద ఉంటే "మొన్నే చూశాను, కొంచెం తగ్గింది అంతే" అంటారు, మూత పెట్టిన సిస్టమ్‌లో కూలెంట్ ఊరికే తగ్గదు, ఎక్కడో పోతోందన్నమాటే.

పీసీవీ అంటే ఇంజన్ లోపల పుట్టే ఆవిరిని మళ్ళీ లోపలికి పీల్చుకునే ఏర్పాటు. ఈ 1.4 టర్బోలో వాల్వ్ కవర్ మీద గుండ్రటి మూత కింద పల్చటి రబ్బర్ పొర ఉంటుంది, అది చిరిగితే ఇంజన్ నడుస్తుండగా అక్కడి నుంచి బుస్‌మని ఈల లాంటి శబ్దం వస్తుంది, చెవి దగ్గర పెడితే స్పష్టంగా వినిపిస్తుంది. చాలామంది ఆ వాల్వ్ కవర్ మార్చి పని అయిపోయింది అనుకుంటారు, కానీ అసలు మూలం చాలాసార్లు ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో ఉంటుంది. అక్కడ పైపు పీకి లోపలికి లైట్ వేస్తే చిటికెన వేలి గోరంత నారింజ రంగు రబ్బర్ ముక్క కనపడాలి, అదే చెక్ వాల్వ్. అది కనపడకపోతే ఇంజన్ మింగేసిందన్నమాట, అప్పుడు టర్బో గాలి వెనక్కి కొట్టి కొత్త వాల్వ్ కవర్‌ని కూడా చింపేస్తుంది. అమ్మేవాళ్ళ కారులో మనం పైపులు పీకలేం, కానీ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళినప్పుడు ఈ ఒక్కటి మాత్రం చూడమని మరీ మరీ చెప్పండి.

1.8 లీటర్ ఇంజన్ ఉన్న క్రూజ్ అయితే టర్బో లేదు, కానీ దానికి టైమింగ్ బెల్ట్ ఉంటుంది, చైన్ కాదు, కాబట్టి మార్చిన రసీదు అడగాలి. 2016 నుంచి వచ్చిన కొత్త బాడీ క్రూజ్ చూడ్డానికి బాగుంటుంది, నడపడానికి ఇంకా బాగుంటుంది, కాకపోతే ఆ 1.4 టర్బోలో పిస్టన్లు పగిలిన కేసులు ఉన్నాయి, ముఖ్యంగా 2016 నుంచి 2018 మోడళ్ళలో. ఐడిల్‌లో ఎగుడుదిగుడుగా కొట్టుకుంటున్నా, మిస్‌ఫైర్ కోడ్ ఉన్నా కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్లలో ఒత్తిడి సరిగ్గా ఉందో చూసే పరీక్ష) చేయించకుండా అడుగు ముందుకేయొద్దు.

డార్ట్ గురించి తక్కువే చెప్తా. 2.4 టైగర్‌షార్క్ ఇంజన్ ఆయిల్ తాగుతుంది, దాని మీద కూడా దావా నడిచింది, మీరు వెళ్ళగానే డిప్‌స్టిక్ తీసి చూడండి, ఆయిల్ కింది గీత దగ్గరుంటే అర్థమైపోతుంది. ఆటోమేటిక్ డార్ట్‌కి గేర్ కేబుల్ చివర ఉండే బుషింగ్ రీకాల్ ఉంది, అది అరిగి ఊడిపోతే మీరు పార్క్‌లో పెట్టాను అనుకుంటారు, కారు పార్క్‌లో ఉండదు. ఇంకా తక్కువ డబ్బుల్లో 2005 నుంచి 2010 షెవర్లే కోబాల్ట్ కనపడితే అందులో ఇగ్నిషన్ స్విచ్ రీకాల్ చేయించారో లేదో చూడకుండా తాళం కూడా ముట్టుకోవద్దు. తాళాల గుత్తి బరువుకో, గతుకులో పడ్డప్పుడో తాళం దానంతటదే తిరిగి ఇంజన్ ఆగిపోయేది, స్టీరింగ్ బిగుసుకునేది, అదే క్షణంలో ఎయిర్‌బ్యాగ్‌లు కూడా పనిచేసేవి కావు. 2014లో జీఎం దాదాపు 26 లక్షల కార్లు వెనక్కి పిలిచింది, కంపెనీ పెట్టిన పరిహార నిధి 124 మంది ప్రాణాలు దీనివల్ల పోయాయని ఒప్పుకుంది. రీకాల్ పని ఉచితం, అయినా చేయించుకోని ఓనర్లు ఉంటారు, అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది.

రీకాల్స్ అన్నీ ఇంట్లో కూర్చునే చూసేయొచ్చు. విన్ నంబర్ 17 అక్షరాలు, డ్రైవర్ వైపు ముందు అద్దం (విండ్‌షీల్డ్) కింద డ్యాష్‌బోర్డ్ మీద ఉంటుంది, డ్రైవర్ డోర్ తెరిస్తే స్టిక్కర్ మీద కూడా ఉంటుంది, రెండూ ఒకటేనా చూడండి. అమెరికా ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైట్‌లో ఆ నంబర్ కొడితే పెండింగ్‌లో ఉన్న రీకాల్స్ ఫ్రీగా చూపిస్తుంది. కారు పాత చరిత్ర చెప్పే కార్‌ఫ్యాక్స్ రిపోర్ట్ కూడా తీసుకోండి, కానీ దాన్ని జాతకం లాగా నమ్మొద్దు, ఇన్సూరెన్స్‌కి చెప్పకుండా పక్క గ్యారేజీలో డబ్బులిచ్చి బాగు చేయించుకున్న యాక్సిడెంట్ అందులో ఉండదు. రిపోర్ట్‌లో నేనైతే ముందు చూసేది కారు ఏ రాష్ట్రాల్లో తిరిగింది అని. మిషిగన్, ఒహాయో వైపు తిరిగిందంటే చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు కింది భాగాన్ని తినేసి ఉంటుంది, మోకాళ్ళ మీద కూర్చుని డోర్ల కింది అంచులు, బ్రేక్ పైపులు, సబ్‌ఫ్రేమ్ చూడాలి. టెక్సస్, ఫ్లోరిడా నుంచి తుఫాను తర్వాత సడన్‌గా వేరే రాష్ట్రంలో టైటిల్ (కారు ఎవరిదో చెప్పే కాగితం) మారిందంటే వరద నీళ్ళ అనుమానం పెట్టుకోవాలి. టైటిల్ మీద సాల్వేజ్ (బాగా దెబ్బతిని పక్కన పెట్టేసినది), రీబిల్ట్ (అలాంటిదాన్ని మళ్ళీ బాగు చేసినది) అని ఉంటే ఇన్సూరెన్స్ దగ్గర కష్టం, మళ్ళీ అమ్మేటప్పుడు ఇంకా కష్టం.

వరద కారు ఎలా దొరికిపోతుందో ఒకసారి కళ్ళారా చూశా. ఒక జూనియర్ కోసం వెళ్ళాం, లోపల కొత్త కార్పెట్, సువాసన వచ్చే స్ప్రే కొట్టారు, కారు మెరిసిపోతోంది. అలవాటు కొద్దీ వెనక సీట్ బెల్ట్ చివరి దాకా లాగాను. పైన ఉన్న బెల్ట్ శుభ్రంగా ఉంది, లోపల చుట్టుకుని ఉండే చివరి జానెడు మాత్రం మట్టి రంగులోకి మారి, అడ్డంగా ఒక గీత, చెరువులో నీళ్ళు తగ్గాక గట్టు మీద మిగిలే చార లాగా. ట్రంక్‌లో స్పేర్ టైర్ తీస్తే దాని కింద సన్నటి ఇసుక. ఆ పిల్లవాడు అడ్వాన్స్ ఇవ్వడానికి జేబులో చెయ్యి కూడా పెట్టాడు, భుజం పట్టుకుని బయటికి తీసుకొచ్చేశా. సీట్ బెల్టులు అన్నీ పూర్తిగా లాగి చూడండి, నిమిషం కూడా పట్టదు.

చల్లగా ఉన్న ఇంజన్ గురించి నా సొంత దెబ్బ చెప్తా. నా మొదటి కారు చూడ్డానికి వెళ్ళినప్పుడు అమ్మే ఆయన అప్పటికే స్టార్ట్ చేసి వాకిట్లో పెట్టాడు, "చలి కదా, మీకోసం వేడి చేశా" అన్నాడు, నేను ఎంత మంచివాడో అనుకున్నా. ఇంజన్ పట్టులా నడిచింది. ఇంటికి తెచ్చుకున్న మర్నాడు పొద్దున తాళం తిప్పితే మూడు నాలుగు సెకన్లు డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టు శబ్దం, తర్వాత ఆగిపోయింది. టైమింగ్ చైన్ అరిగిపోయిందని తేలింది, కారు ధరలో సగం దాకా దానికే పోయింది, ఆ సెమిస్టర్ నేను పడ్డ పాట్లు నాకే తెలుసు. అందుకే ఇప్పుడు ముందు రోజే మెసేజ్ పెడతా, నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు అని, వెళ్ళగానే హుడ్ మీద చెయ్యి పెట్టి చూస్తా, వెచ్చగా ఉంటే ఇంకో రోజు వస్తానని వెనక్కి తిరుగుతా. స్టార్ట్ చేసేటప్పుడు ఒకళ్ళు లోపల, ఒకళ్ళు సైలెన్సర్ వెనక నిలబడాలి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. తెల్ల పొగ చలికాలం కాసేపు వచ్చి పోతే అది ఆవిరే, ఇంజన్ వేడెక్కాక కూడా తియ్యటి వాసనతో వస్తూనే ఉంటే కూలెంట్ లోపల కాలుతోంది.

ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్స్ చదివే చిన్న పరికరం) ఒకటి కొనుక్కోండి, 20, 30 డాలర్లకి ఫోన్‌కి కనెక్ట్ అయ్యేది వస్తుంది, 1996 నుంచి వచ్చిన ప్రతి పెట్రోల్ కారుకీ స్టీరింగ్ కింద దాని సాకెట్ ఉంటుంది. చెక్ ఇంజన్ లైట్ వెలగట్లేదు కదా అని సంతోషపడొద్దు, కోడ్స్ చెరిపేయడం ఒక్క బటన్ పని. మీరు చూడాల్సింది రెడీనెస్ మానిటర్లు, అంటే కారు తన భాగాల్ని తనే పరీక్షించుకోవడం పూర్తయిందో లేదో చూపించేవి. ముందు రోజు రాత్రి ఎవరైనా కోడ్స్ చెరిపేస్తే ఆ మానిటర్లన్నీ నాట్ రెడీ అని చూపిస్తాయి, మళ్ళీ రెడీ అవ్వాలంటే కారు కొన్ని రోజులు రకరకాలుగా తిరగాలి. మూడు నాలుగు నాట్ రెడీ కనపడితే "బ్యాటరీ మార్చారా ఈమధ్య?" అని మామూలుగా అడగండి, అవునంటే బ్యాటరీ మీద తేదీ చూడండి. క్రూజ్‌లో పీ0171, పీ0299, పీ1101 లాంటివి కనపడితే పైన చెప్పిన పీసీవీ కథే గుర్తు చేసుకోండి.

బాడీ విషయంలో హుడ్, ఫెండర్ బోల్టుల తలల మీద పెయింట్ చిట్లి ఉంటే అవి ఎప్పుడో విప్పారని అర్థం. ఒక హెడ్‌లైట్ పసుపెక్కి ఇంకోటి తళతళలాడుతుంటే ఎందుకని అడగండి. టైర్ పక్కన డాట్ అని ఉన్నచోట చివరి నాలుగు అంకెలు చూడండి, 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. లోపలి అంచు మాత్రమే అరిగితే అలైన్‌మెంటో సస్పెన్షనో తేడా ఉంది.

పార్కింగ్ లాట్ అయ్యాక హైవే మీద 65, 70లో ఒక పది నిమిషాలు తిప్పండి, వెనక ఎవరూ లేనప్పుడు గట్టిగా బ్రేక్ వేయండి, స్టీరింగ్ వణుకుతుందా, ఒక పక్కకి లాగుతుందా గమనించండి. తిరిగొచ్చాక ఇంజన్ ఆపకుండా ఐదు నిమిషాలు నిలబెట్టి టెంపరేచర్ ముల్లు చూడండి, అప్పుడే కింద ఏం కారుతుందో కూడా కనపడుతుంది.

ఇంతా చూశాక నచ్చితే మీకు తెలిసిన మెకానిక్ దగ్గర ఇన్‌స్పెక్షన్ చేయించండి, అమ్మేవాళ్ళు చెప్పిన మెకానిక్ దగ్గర కాదు. వందో, రెండొందలో డాలర్లు అవుతుంది, లిఫ్ట్ మీద పెట్టి చూస్తారు. ఒప్పుకోకపోతే అక్కడితో దండం పెట్టి వచ్చేయండి. డీలర్ దగ్గర అయితే అద్దానికి బయ్యర్స్ గైడ్ అనే కాగితం అంటించి ఉండాలి, అది ఫెడరల్ రూల్, అందులో యాజ్ ఈజ్ దగ్గర టిక్ ఉంటే గేటు దాటాక ఏం పాడైనా ఖర్చు మీదే, నోటితో ఇచ్చిన మాటల్ని తర్వాత నిలబెట్టించడం కష్టం, కాబట్టి ఏ మాటైనా ఆ కాగితం మీదే రాయించుకోండి. ప్రైవేట్ అమ్మకం అయితే టైటిల్ మీద పేరూ, ఆయన లైసెన్స్ మీద పేరూ ఒకటే ఉండాలి. "మా ఫ్రెండ్ కారు, నేను అమ్మిపెడుతున్నా" అంటే వాళ్ళు డీలర్ లైసెన్స్ లేకుండా కార్లు కొని అమ్మే బేరగాళ్ళు అయ్యుండొచ్చు. లోన్ ఉన్న కారైతే బ్యాంక్ లియన్ రిలీజ్ (ఈ కారు మీద ఇక అప్పు లేదని బ్యాంక్ ఇచ్చే) కాగితం చేతికి రాకుండా డబ్బివ్వొద్దు. బేరం ఆడేటప్పుడు గొడవ అక్కర్లేదు, టైర్లకింత, వాటర్ పంప్‌కింత అని షాపులో అడిగిన రేట్లు కాగితం మీద రాసి ముందు పెట్టండి. డబ్బు బ్యాంకులోనే ఇచ్చి పుచ్చుకోండి, టైటిల్ అక్కడే సంతకం చేయించుకుని, ఓడోమీటర్ రీడింగ్ అక్కడే రాయించండి.

ఇంటికొచ్చాక మొదటి వారంలోనే ఆయిల్ మార్చేయండి, టర్బో ఇంజన్ అయితే మాన్యువల్‌లో చెప్పిన గ్రేడ్ తప్ప వేరేది పోయొద్దు. కూలెంట్ ట్యాంక్ మీద ఆ రోజు లెవెల్ దగ్గర చిన్న టేప్ ముక్క అంటించి తేదీ రాయండి, రెండు మూడు రోజులకోసారి పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఆ టేప్‌తో పోల్చి చూడండి, డిప్‌స్టిక్ కూడా అప్పుడే తీసి చూడండి. మూడు వారాల తర్వాత కూడా కూలెంట్ ఆ టేప్ దగ్గరే ఉంటే ఇక దాన్ని పీకేయొచ్చు.